రెండో సీసా

పదిహేడేళ్ళ క్రితం అనాల్సిన మాట ఒకటి అనకుండా మింగేశాను. అది ఇంకా అరగలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలనిపిస్తోంది. తెలిసినవాళ్ళంతా నన్ను మంచిదాన్నంటారు. వాళ్ళ దగ్గర ఈ సంగతి ఎత్తితే, "నువ్వా? ఛ, ఊరుకో" అని నా తరఫున వాళ్ళే కొట్టిపారేస్తారు. మీకు ఆ మొహమాటం లేదు. చివరిదాకా వినండి. మధ్యలో నన్ను వెనకేసుకురాకండి, అంతే నేను అడిగేది.

మాది దివిసీమలో అవనిగడ్డకి దగ్గరగా ఉన్న ఒక ఊరు. పుట్టింది మాత్రం పెడనలో. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. బడికి పంపితే దుమ్ముకి ఊపిరాడదని మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. ఆయన కలంకారీ అద్దకం చేసేవారు. బల్ల మీద గుడ్డ పరిచి అచ్చు కొడుతూ, ఒక్కో దెబ్బకీ ఒక్కో అక్షరం నా చేత పలికించేవారు. సాయంత్రం దీపం పెట్టాక ఇంకో పాఠం ఉండేది. ఆ రోజు మనకి జరిగిన మూడు మేళ్ళు దేవుడికి పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే చాలదు. "ఇవాళ ఎండ కాసింది, గుడ్డలు ఆరాయి. ఇవాళ పక్కింటి అత్తయ్య మజ్జిగ ఇచ్చింది." ఇలాంటివే. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. ఉందని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను కూడా.

ఇంకొకటి చెప్పాలి. అద్దకంలో నల్లరంగు కోసం పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో పులియబెడతారు. ఆ కుండ మా పెరట్లో ఎప్పుడూ ఉండేది. మూత తీస్తే వీధంతా వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు, "ఇక్కడ సారా గానీ కాస్తున్నారా ఏంటి?" అనేవాళ్ళు. నాన్న నవ్వి నన్ను పిలిచేవారు. "చెప్పవే తల్లీ, ఇదేం వాసన?" పులిసిన బెల్లం వాసన వేరు, సారా వాసన వేరు. నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నాకు తెలియక జరిగిందని మీరు పొరపాటున కూడా అనుకోకూడదు.

మా ఆయన గుడివాడలో ఒక రైస్‌మిల్లు లారీ నడిపేవారు. పది రోజులకోసారి ఇంటికి వచ్చేవారు. పిల్లలు ఆయన్ని చూసి నా వెనక దాక్కునేవాళ్ళు. అది చూడలేక, మనమే ఒక వ్యాన్ కొనుక్కుందామన్నాను. ఆలోచన నాదే. బ్యాంకులో అప్పు తీసుకుని పద్నాలుగు సీట్ల పాత వ్యాన్ ఒకటి కొన్నాం. మోపిదేవి తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఆ రోజు నా మూడు మేళ్ళు మూడుతో ఆగలేదు.

అయితే వ్యాన్ ఉంటే చాలదని మాకు తర్వాత తెలిసింది. అవనిగడ్డ నుంచి బందరు వెళ్ళే వ్యాన్లన్నీ ఒక స్టాండులో నిలబడతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది రేకుల షెడ్డులో పెద్ద పలక మీద రాసి ఉంటుంది. ముందున్న బండి నిండితేనే వెనక బండికి జనం. ఆ పలకలో చోటు లేకపోతే రోడ్డు మీద మనిషిని ఎక్కించుకోవడానికి లేదు. మాకు ఆ చోటు ఇప్పించింది వీర్రాజు అన్నయ్యగారు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా వీధి చివర ఇల్లు. స్టాండులో అందరికంటే పాత డ్రైవరు. పొద్దున ఆరు గంటల మొదటి ట్రిప్పు ఆయనది. మిగతా బండ్లన్నీ స్టాండులో చేరిన వరసన వెళ్తాయి గానీ, మొదటి ట్రిప్పు మాత్రం ఎప్పుడూ ఒకరిదే. ఆసుపత్రి నర్సులు, కోర్టు పనులవాళ్ళు, చల్లపల్లిలో చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. సీట్లు ఏనాడూ ఖాళీ ఉండవు. ఆయన మా ఆయనకి బండి నడపడం నేర్పలేదు, అది మా ఆయనకి ముందే వచ్చు. ప్రయాణికుల్ని నిలబెట్టుకోవడం నేర్పారు. "సీట్లు చూడకు బావా, మనుషుల్ని చూడు" అనేవారు. ఏ వంతెన దగ్గర రెండుసార్లు హారన్ కొట్టాలో, ఏ నర్సమ్మ కోసం రెండు నిమిషాలు ఆగాలో, ఏ ముసలావిడ గంపని ముందు సీటు కింద పెట్టాలో, అన్నీ చెప్పారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన బాగా తాగేవారట. కూతురు పుట్టినప్పుడు ఆయన భార్య లక్ష్మి, నాకు వదిన, పురిటి మంచం మీద నుంచే ఆయన చేత ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి ముట్టలేదు. ఊరికి ఈ కథ తెలుసు. తాగడం మానేసినవాడి గురించి ఊరు రెండూ గుర్తుపెట్టుకుంటుంది కదా, మానేశాడన్నదీ, ఒకప్పుడు తాగాడన్నదీ.

అప్పటికి మేం స్టాండులో చేరి ఏడు నెలలైంది. పలకలో మాదే చివరి పేరు. ముగ్గురు ఎక్కి, బండి నిండక, గంటసేపు ఎండలో కూర్చుని, విసుక్కుని దిగిపోయి బస్సెక్కేవాళ్ళు. మా ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవారు. "మళ్ళీ మిల్లుకే పోతానేమో" అని ఒక్కసారి అన్నారు. ఆ మాట నాకు రోజంతా వినపడేది.

ఆ వర్షాకాలం అన్నయ్యగారికి దగ్గు పట్టుకుంది. బందరులో మాకు తెలిసిన ఆయుర్వేదం కొట్లో అరిష్టం అనే దగ్గు మందు దొరుకుతుంది. నా ఆయాసానికి నాన్న ఇప్పించినది అదే. బెల్లం వేసి పులియబెట్టి చేస్తారు. చిన్న సీసా ఒకటి తెచ్చి ఇచ్చాను. గుణం కనిపించింది గానీ పూర్తిగా తగ్గలేదు. నెల తర్వాత ఒక పెద్ద సీసా తెచ్చాను. పేపర్లో చుట్టి, మా వీధి మొదట్లో ఆయన బండి ఆపినప్పుడు కిటికీలోంచి చేతికిచ్చాను. ఎవరూ చూడలేదు. దాచిపెట్టి ఇవ్వలేదు. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు, అంతే. "నా సొంత చెల్లెలు కూడా ఇంత కనిపెట్టుకుని ఉండదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం దీపం దగ్గర ఆ మాటే మొదటి మేలుగా చెప్పుకున్నాను.

అది జరిగిన మూడో రోజు నాకు బందరులో పని ఉండి, ఆయన బండిలో ముందు సీట్లో కూర్చున్నాను. సన్నగా వాన. ఆయన నా కళ్ళ ముందే సీసా తీసి, రెండు మూతలు నీళ్ళలో కలుపుకుని తాగి బండి తీశారు. మోపిదేవి దాటాక కాలువ మలుపులో ఎదురుగా గడ్డి ట్రాక్టరు రోడ్డంతా ఆక్రమించుకుని వచ్చింది. ఆయన పక్కకి తిప్పారు. చక్రం తారు అంచు దిగి బురదలో జారింది. బండి ఒక తాటిచెట్టుకి ఆనుకుని ఆగింది. ఆ చెట్టు లేకపోతే కాలువే. ఒక టీచరుగారికి నుదురు చిట్లింది. మిగతావాళ్ళకి ఏమీ కాలేదు. అందర్నీ దింపుతుంటే వెనక సీటాయన అన్నాడు, "ఈయన నోరు వాసనొస్తోందండీ."

స్టాండులో ఒక కట్టుబాటుంది. తాగి స్టీరింగ్ పట్టుకున్నవాడి పేరు పలక మీద ఉండకూడదు. పోలీసుల దాకా వెళ్ళరు. ఆ రోజే, అక్కడే తేలుస్తారు. పది గంటలకి షెడ్డు దగ్గర అందరూ చేరారు. బండి, అందులోని సీసా ఇంకా కాలువ మలుపులోనే ఉన్నాయి. ముందు సీట్లో ఉన్నదాన్ని కాబట్టి నన్నూ పిలిచి కుర్చీ వేశారు.

స్టాండు ప్రెసిడెంటుగారు అడిగారు. "ఏం వీర్రాజూ, మళ్ళీ మొదలెట్టావా?"

"లేదండి. దగ్గుకి అరిష్టం తాగానండి. రెండు మూతలు."

"సాయంత్రమైతే నాకూ అదే దగ్గు బావా!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"నవ్వండ్రా, నవ్వండి. నా మాట మీరెట్టాగూ నమ్మరు. ఆ సీసా ఇచ్చింది చెల్లెమ్మే. ఇక్కడే ఉంది కదా, అడగండి. ఆవిడ ఏం చెప్తే అదే ఖాయం."

ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా. ట్రాక్టరు వచ్చిన మాట నిజమేనా?"

"నిజమేనండి. తప్పు ఆ ట్రాక్టరుదేనండి."

"వాసన వచ్చిందా?"

"వచ్చిందండి."

"అరిష్టం మీరిచ్చారా?"

"ఇచ్చానండి."

"ఎప్పుడిచ్చారమ్మా?"

ఇక్కడ ఆగాలి నేను. ఎన్నిసార్లు ఇక్కడికి వచ్చి ఆగానో.

"పోయిన నెలలోనండి. చిన్న సీసా. ఈపాటికి అయిపోయుంటుంది."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. పోయిన నెలలో ఇచ్చాను. అది చిన్న సీసాయే. అయిపోయింది కూడా. ట్రాక్టరు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను కాబట్టి ఈ మాటని ఇంకా గట్టిగా నమ్మారు. రెండో సీసా ఊసు ఎత్తలేదు. ఆ వాసన ఏమిటో నా ముక్కుకి తెలుసని చెప్పలేదు.

అన్నయ్యగారు నా వైపు చూశారు. కోపంగా కాదు. నేను ఏదో మర్చిపోయాననీ, గుర్తు తెచ్చుకుని చెప్తాననీ ఎదురుచూస్తున్నట్టు చూశారు. నేను చీర కొంగు అంచు చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన ఒక్క మాట అంటే చాలు, "మొన్న ఇంకోటి ఇచ్చావు కదమ్మా" అని. అనలేదు. అంటే నన్ను పదిమందిలో అబద్ధాలకోరుని చేసినట్టవుతుందని ఆగారా? లేక ఆవిడ ఏం చెప్తే అదే అన్న తన మాటకే కట్టుబడ్డారా? నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆవిడ చెప్పింది కదండీ. ఇంక నేను చెప్పేదేముంది" అన్నారు. లేచి వెళ్ళి, పలక మీద మొదటి పేరు ఆయనే అరచేత్తో తుడిచేశారు. సుద్ద అంటిన చెయ్యి లుంగీకి తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఎందుకు చేశాను? ముందుగా అనుకుని చేశానా? లేదు. ప్రెసిడెంటుగారు "ఎప్పుడు" అని అడిగే వరకు, మొన్న ఇచ్చానని చెప్పడానికే ఉన్నాను. ఇంతలో ఆ పలక కనిపించింది. పైన ఆయన పేరు, అట్టడుగున మాది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్న మా ఆయన కనిపించారు. అంతే. ఇదంతా చెప్పి భర్త కోసం, పిల్లల కోసం అనొచ్చు. నేను చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ అదే భర్త, అదే పిల్లలు ఆ పొద్దున షెడ్డుకి వెళ్ళకముందు కూడా ఉన్నారు కదా. అప్పటిదాకా నాకు తట్టనిది అప్పుడే ఎందుకు తట్టింది? అవకాశం వచ్చింది కాబట్టి. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ నాకు దొరకలేదు.

వారం తిరక్కుండా మొదటి ట్రిప్పు మాకిచ్చారు. "నిజం చెప్పే ఇంటికి ఇద్దాం" అన్నారట ప్రెసిడెంటుగారు. మా ఆయన ఆ మాట నాకు చెప్తుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఆ సాయంత్రం దీపం పెట్టాను. మూడు మేళ్ళు పైకి చెప్పాలి కదా. "ఇవాళ మాకు ఆరు గంటల ట్రిప్పు వచ్చింది" అని చెప్పాను. దేవుడికి, పైకి, చేతులు జోడించి. ఆ షెడ్డులో అన్న మాట కంటే ఈ మాటకే నాకు ఎక్కువ భయం. దొంగసొమ్ము తెచ్చి, ఇచ్చినందుకు ధన్యవాదాలని ఆయన పాదాల దగ్గరే పెట్టాను.

కొన్నాళ్ళకి లక్ష్మి వదిన మా పెరటి గుమ్మం దగ్గరకి వచ్చింది. నేను తోటకూర తుంచుతున్నాను. కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుతాను వదినా. మళ్ళీ తాగాడా?"

ఇది నాకు దొరికిన రెండో అవకాశం. మనిషికి రెండో అవకాశం రాదంటారు. నాకు నా గుమ్మంలోకే వచ్చింది.

"నేను చూడలేదు వదినా. వాసన వచ్చిందంతే" అన్నాను.

తల ఊపి వెళ్ళిపోయింది. ఆమె ఆయన్ని వదిలేయలేదు. గొడవపడలేదు. మాట్లాడటం తగ్గించేసింది. అన్నయ్యగారు బండి అమ్మేసి, ముదినేపల్లి వైపు చేపల చెరువుల దగ్గర కాపలా పనికి కుదిరారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఏడాదికి రెండు మూడుసార్లు వస్తారు. మనవణ్ణి మోటారుసైకిలు మీద సెంటరు దాకా తిప్పుకొస్తానంటే కూడా వదిన ఒప్పుకోదని విన్నాను.

మాకు మాత్రం బాగుంది. ఆ ట్రిప్పు మీదే పిల్లల చదువులు అయ్యాయి. గుడివాడ రూట్లో ఇంకో వ్యాన్ వేశాం. ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక మా సీట్లు సగానికి సగం ఖాళీ. మా ఆయన అప్పుడప్పుడు దిగులుపడతారు. నాకు దిగులు రాదు. ఖాళీ సీట్లు చూస్తే, మనది కానిది మెల్లగా వెనక్కి పోతోందనిపిస్తుంది. ఇదీ ఒక రకం తప్పించుకోవడమే అని నాకు తెలుసు. బస్సులు వచ్చి నా తప్పు తీర్చవు.

ఈ శ్రావణంలో మా ఆయనకి దగ్గు పట్టుకుంది. బందరు నుంచి అదే అరిష్టం తెచ్చుకున్నారు. "కాస్త కలిపివ్వు" అన్నారు. మూత తీసి గ్లాసులో కలిపాను. పులిసిన బెల్లం. నాన్న పెరట్లోంచి అడిగినట్టే అనిపించింది, చెప్పవే, ఇదేం వాసన? గ్లాసు అక్కడే పెట్టేసి, చెప్పులు వేసుకుని లక్ష్మి వదిన ఇంటికి నడిచాను.

వదిన చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం. రెండో సీసా ఉందనీ, పెద్దదనీ, మూడు రోజుల ముందే నా చేత్తో ఇచ్చాననీ, ఆ పొద్దున ఆయన తాగింది అదేననీ, నా కళ్ళతో చూశాననీ చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. ఏరుతున్న చెయ్యి ఆగింది.

వదిన అడిగింది. "పేపర్లో చుట్టి ఇచ్చావా?"

"అవును వదినా."

"ఆ సీసా నాకు దొరికింది. బండి అమ్మేటప్పుడు, సీటు కింద, పేపరుతో సహా. సగం ఉంది. అందులో సారా పోసి పెట్టుకున్నాడనుకుని పెరట్లో పారబోశాను. అరిష్టమేనని కూతురి మీద ఒట్టేశాడు. నేను నమ్మలేదు." చేటలోకే చూస్తూ అంది. "నువ్వు అబద్ధం చెప్పవు కదా అని నమ్మలేదు."

నేను ఏదో అనబోయాను. క్షమించమనే అయ్యుంటుంది.

"వెళ్ళు వదినా" అంది. "అన్నం వేళవుతోంది."

మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి చూశాను. చేట ఒళ్ళో ఉంది. చెయ్యి కదలడం లేదు.

ఇంటికి వచ్చాక మా ఆయనకీ చెప్పాను. మొత్తం విన్నారు. గ్లాసులో కలిపిన అరిష్టం అలాగే ఉంది. దాన్ని తీసుకెళ్ళి, తాగకుండా, కిటికీలో పెట్టేశారు. ఆ పూటంతా దగ్గుతూనే ఉన్నారు.

అన్నయ్యగారికి వదిన చెప్పిందో లేదో తెలియదు. నేను ముదినేపల్లి వెళ్ళాలి. వెళ్తాను. ఆయన ఆ రోజు చూసినట్టే చూస్తారేమో, ఎదురుచూస్తున్నట్టు. ఏమంటారో నేను ఊహించుకోను. ఊహల్లో ఆయన చేత నన్ను క్షమింపజేసుకోవడం పదిహేడేళ్ళుగా బాగా అలవాటైంది. అది మానాలి.

ఆ సాయంత్రం మామూలుగానే దీపం పెట్టాను. మూడు మేళ్ళు చెప్పడానికి నోరు రాలేదు. షెడ్డులో అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది, ఎప్పుడిచ్చారమ్మా అని. దానికే జవాబు చెప్పాను. పైకి, పక్కింటికి వినపడినా సరే అనుకుని.

"మొన్ననేనండి. పెద్ద సీసా. ఇంకా సగం ఉంది."